ఏడాది ఆలస్యంగా వచ్చే సినిమా

ఏప్రిల్ వచ్చిందంటే మా తమ్ముడి కూతురు శ్రావణికి ఫోన్లో వేసవి సినిమాల జాబితా తప్ప మరేదీ కనబడదు. జగదల్‌పూర్‌లో పుట్టింది, హిందీలో చదువుకుంది, ఇక్కడే బ్యాంకులో పనిచేస్తోంది. తెలుగు చదవడం రాదు గానీ తెలుగు సినిమాల సంగతులు నాకంటే ఎక్కువ తెలుసు. మొన్న ఆదివారం మా ఇంటికొచ్చి, కూలరు ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒక్కో పేరూ చదువుతూ తీర్పులు చెప్పింది. "ఇది పక్కా హిట్ అత్తా. దీని ట్రైలరే బోరు. ఇదిగో, దీనికి డైరెక్టర్ మీద భరోసా ఉంది గానీ హీరో మీద లేదు. పాటలు మాత్రం బాగున్నాయి, చూద్దాం." తర్వాత మా అమ్మ వైపు తిరిగింది. "నానమ్మా, నీకేది కావాలో చెప్పు. నేనే తీసుకెళ్తా. లిఫ్ట్ ఉంది, మెట్లెక్కే పని లేదు."

అమ్మ చింతపండులో పిక్కలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "నాకేదీ వద్దమ్మా. మీరెళ్ళండి" అంది.

"ఒక్కటైనా?"

"ఒక్కటీ వద్దు."

ఎనభై నాలుగేళ్ళ మనిషి కదా, ఓపిక లేక అంటోందనుకుంది శ్రావణి. అమ్మ సినిమా చూడక యాభై ఏళ్ళు దాటింది. ఆఖరిసారి చూసినప్పుడు ఆమె పక్కన నేనున్నాను. ఆ తర్వాత జరిగినదాంట్లో నా పాలు కూడా ఉంది.

అప్పుడు మేం జగదల్‌పూర్ అవతల కొండల్లోని ఇనుపగనుల ఊరు కిరందుల్‌లో ఉండేవాళ్ళం. తమ్ముడింకా పుట్టలేదు. నాన్న గనిలో ఫిట్టరు. విజయనగరం దగ్గర పల్లెటూరి నుంచి కంపెనీ ఉద్యోగానికి వచ్చి, రెండు గదుల క్వార్టరులో కాపురం పెట్టారు. కొండ మీద నుంచి దిగే ఇనుపరాయి దుమ్ము మా ఇంట్లో అన్నిటికంటే ముందు లేచేది. తలుపు సందుల్లో, కిటికీ ఊచల మీద, ఉప్పు డబ్బా మూత మీద, ఎక్కడ వేలు పెట్టి రాసినా ఎర్రగా అంటుకునేది. నాన్న బట్టలకు వేరే బకెట్టు. వాటిని నానబెడితే నీళ్ళు ఇటుక కడిగినట్టుండేవి. కొళాయి వచ్చేది తెల్లవారుజామున ఒక గంట. ఆ గంటలో అమ్మ నీళ్ళు పట్టి, బొగ్గుల కుంపటి రాజేసి, నాన్నకు చద్దన్నంలో మజ్జిగా ఉల్లిపాయా వేసి, డబ్బాలో కూర సర్ది, కొండ మీదికి వెళ్ళే బస్సు హారన్ వినబడేలోపు గుమ్మం దగ్గర నిలబడేది. ఆ పనంతా చేస్తూ పాడుకునేది. సన్నగా, తనకు మాత్రమే వినబడేలా. నాన్న గుమ్మం దాటాక కొంచెం పైకి.

బడిలో నాకు నేర్పింది హిందీ. పక్కింట్లో హల్బీ, వెనకింట్లో ఒడియా, పనికొచ్చే ఆవిడతో గోండీ ముక్కలు. తెలుగు అక్షరాలు మాత్రం అమ్మ నేర్పింది, అదీ సినిమా పత్రికలో. విశాఖపట్నం నుంచి సాయంత్రం రైల్లో ఆ వారపత్రిక వచ్చేది. స్టేషన్లో టీ దుకాణం ఆయన మాకోసం ఒక ప్రతి దాచి ఉంచేవాడు. మధ్యాహ్నం గిన్నెలు తోమేశాక, అమ్మ చాప మీద బోర్లా పడుకుని దాన్ని ముందు పరుచుకుని, పెద్ద పెద్ద అక్షరాల ప్రకటనల మీద నా వేలు పట్టి నడిపించేది. నేను కూడబలుక్కుని చదివిన మొదటి తెలుగు మాటలు "ఈ వేసవికి". ఆ మాటలకు పత్రికలో ఒక అర్థం, మా ఊళ్ళో ఇంకో అర్థం. ఈ వేసవికి విశాఖపట్నంలో ఆడే సినిమా మా కంపెనీ క్లబ్బుకు వచ్చేది వచ్చే ఏడు వేసవికే. రీళ్ళ పెట్టెలు రైల్లో వచ్చేవి, అవి కూడా అన్నీ రావు. అందుకని అమ్మ ఏడాది ముందునుంచే లెక్కలు కట్టేది. ఇది వస్తుంది, ఇది రాదు. ఇది వచ్చినా మీ నాన్న చూడనివ్వరు.

క్లబ్బు మైదానంలో తెల్లగుడ్డ కట్టి ఒక్కో సినిమా రెండు ఆటలు వేసేవారు. శనివారం, ఆదివారం. నాన్న శనివారం స్నేహితులతో వెళ్ళేవాడు. తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలు కొసతో మూతి తుడుచుకుంటూ తీర్పు చెప్పేవాడు. బాగుందంటే ఆదివారం మమ్మల్ని తీసుకెళ్ళేవాడు. "ఏటుంది అందులో? గోల. బాగోలేదు" అంటే ఇంక అంతే. వేసవికి అయిదు సినిమాలొస్తే ఒకటి నెగ్గేది, అదీ దేవుడి సినిమా. తాను చూడనివి కూడా బాగోలేవని తెలుసుకుని బతకడం అమ్మకు అలవాటైపోయింది. పత్రికలో బొమ్మలు చూసి కథ తానే అల్లుకుని, మధ్యాహ్నాలు నాకు చెప్పేది. ఆ కథల్లో ఎవరూ ఎవరికీ అడ్డు చెప్పేవారు కాదు.

అలాంటి ఒక వేసవిలో మద్రాసు నుంచి హైమ ఉత్తరం వచ్చింది. హైమా అమ్మా చిన్నప్పుడు ఒకే మేష్టారి దగ్గర పాట నేర్చుకున్నారు. మేష్టారు పెద్ద పాటలు అమ్మ చేత పాడించి, హైమను వెనక శ్రుతి కలపమనేవారట. అమ్మ పెళ్ళయి ఈ కొండల్లోకి వచ్చింది. హైమ వాళ్ళ అన్నయ్యతో మద్రాసు వెళ్ళి, సినిమాల్లో బృందగానంలో పాడుతూ ఉండేది. ఆ ఉత్తరంలో రాసింది: "సుబ్బులూ, ఈ వేసవికి వచ్చే సినిమాలో రెండో పాట మొదట్లో రాగం తీసేది నేనే. మధ్యలో ఒక చరణం కూడా ఒంటిగా పాడాను. పేరు వెయ్యరు. నువ్వు మాత్రం గుర్తుపడతావు. విని ఎలా ఉందో రాయి. నువ్వు చెబితేనే నాకు నమ్మకం."

ఆ ఉత్తరం చదివినప్పుడు అమ్మ ముఖం నాకు బాగా గుర్తుంది. నవ్వింది, తర్వాత ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "అది నాకంటే బాగా పాడేది కాదే" అంది నాతో. కాసేపటికి, "ఇప్పుడు పాడుతుందేమో" అంది. అప్పటినుంచి ఏడాదిపాటు ఆమె ఆ సినిమా కోసం ఎదురుచూసింది. అది ఒక్క రకం ఎదురుచూపు కాదు. ఒకరోజు సినిమా వస్తే బాగుండునని, ఇంకోరోజు రాకపోతేనే బాగుండునని. హైమ బాగా పాడి ఉండాలని ఒకపూట, మరీ అంత బాగా కాదని ఇంకోపూట. కొండల మధ్య మాకు విశాఖపట్నం రేడియో సరిగా అందేది కాదు. అందినప్పుడు కూడా ఆ సినిమాలో వేరే పాట వేసేవారు గానీ ఇది వెయ్యలేదు. అమ్మ రేడియోకి చెవి ఆనించి, చెంపకు ఎర్ర దుమ్ము అంటించుకుని కూర్చునేది.

పై వేసవికి క్లబ్బు గోడ మీద ఆ సినిమా పేరు కనబడింది. శనివారం నాన్న వెళ్ళాడు. వెళ్ళేముందే అమ్మ బతిమాలింది. "రెండో పాటలో హైమ గొంతుంటుంది. ఇది మాత్రం ఎలా ఉన్నా నేను చూస్తాను."

తిరిగొచ్చి నాన్న, "ఏటుంది అందులో? గోల. బాగోలేదు" అన్నాడు.

"పాట?"

"ఏ పాట? అలాంటి పాటేదీ లేదు. మీ హైమ కోతలు కోసింది. అందరూ బీడీలకి లేచి పోయినారు."

"అయినా ఒకసారి చూస్తాను."

"చెప్పినాను కదా లేదని. నా మాట మీద నమ్మకం లేదేటి?"

ఆదివారం క్లబ్బు నుంచి పాటలు గాలికి తెరలు తెరలుగా వస్తాయేమోనని అమ్మ వాకిట్లో నిలబడింది. గాలి అటువైపు వీచింది.

మా వరసలో చివరి క్వార్టరు మల్లమ్మది. కోంటా దగ్గరి పల్లె మనిషి, మొగుడు లారీ డ్రైవరు. రెండు వారాల తర్వాత ఆవిడ వచ్చి మా గుమ్మంలో చతికిలబడింది. "ఏంది వదినా, ముఖం అట్ల పెట్టినవ్? నీ సినిమా జగదల్‌పూర్ల ఆడుతున్నదంట. తెలుగోళ్ళ కోసం ఆదివారం పొద్దుగాల ఒక్క ఆట. మా ఇంటాయన పోస్టర్ జూసిండు. పోదాం పా."

"ఆయన పంపించరు మల్లమ్మా."

"సినిమాకని ఎవరు జెప్పమన్నరు? పిల్ల బోర్డు కనిపిస్తలేదంటున్నది గదా. కండ్ల క్యాంపున్నదని జెప్పు."

నాకు నిజంగానే బోర్డు కనబడేది కాదు. అమ్మ ఆ అబద్ధాన్ని మూడు రోజులు నోట్లో నానబెట్టి, నాలుగో రోజు చెప్పింది. నాన్న ఒప్పుకున్నాడు.

తెల్లవారుతుండగా బస్సెక్కాం. నాన్న అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. కిటికీ లోంచి ఇప్పపువ్వు వాసన వచ్చేది, అడవిలో ఆడవాళ్ళు బుట్టలతో పువ్వు ఏరుతూ వంగి కనిపించేవారు, నాకు రంగుల మరకల్లాగా. బచేలి దాటాం, దంతెవాడ దాటాం. గీదంలో బస్సు ఆగితే మల్లమ్మ దిగి వేడి వేడి వడలు కొనుక్కొచ్చింది. అక్కడినుంచి అమ్మ పాడడం మొదలుపెట్టింది. బస్సు నిండా మనుషులుండగా, పైకి. ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి చూసి, మాట అర్థం కాకపోయినా తల ఊపాడు. అమ్మ సిగ్గుపడి ఆగింది. మల్లమ్మ మోచేత్తో పొడిచి, "పాడు వదినా, ఈడ నీ మొగుడెవడు లేడు" అంది. అమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వును ఆమె ముఖం మీద నేను మళ్ళీ చూడలేదు.

రేకుల హాలు. ఆడవాళ్ళకు వెనక బెంచీలు. తెర నాకు పొగమంచులా ఉంది. ఎవరో వస్తున్నారు, పోతున్నారు, ఏడుస్తున్నారు. మొదటి పాట అయింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు సినిమా అయ్యేదాకా వదల్లేదు. తెర మీద హీరోయిన్ పెరట్లో తీగ పట్టుకుని నిలబడి ఉందట, ఒక్క కుదుపుతో పెళ్ళి పందిట్లోకి వచ్చేసిందట. అమ్మ తర్వాత చెప్పింది. ఇంకో పాట వచ్చింది, అది హైమది కాదు. ఇంకొకటి, అదీ కాదు. దీపాలు వెలిగాయి. అందరూ లేచారు, అమ్మ లేవలేదు.

"అయిపోయింది వదినా, లే."

"లేదు మల్లమ్మా. పాట లేదు."

"గిన్ని పాటలున్నయ్ గదా, ఇంగేం పాట?"

తిరుగు బస్సులో అమ్మ ఒక్కమాటే అంది. "మీ నాన్న చెప్పింది నిజమేనే." చిన్న ఊళ్ళలో ఆట తొందరగా ముగించడానికి పాటలు కత్తిరించేసేవారని నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు అమ్మకు చెప్పేవాళ్ళెవరూ లేరు. మర్నాడు ఆమె హైమకు ఉత్తరం రాసింది. "నీ పాట ఆ సినిమాలో లేదు. నాకు గొప్పలు చెప్పుకోవలసిన అవసరం నీకేం వచ్చింది?" అని. దాన్ని ఎర్ర డబ్బాలో వేసింది నేనే. జవాబు రాలేదు.

ఆ సాయంత్రమే నాన్న స్నానం చేసి, వాకిట్లో నులకమంచం వేసుకుని నన్ను పిలిచాడు. చుట్టుపక్కల మగవాళ్ళు తలా ఒక కుర్చీలో గాలికి కూర్చుని ఉన్నారు. నాన్న నన్నెప్పుడూ పక్కన కూర్చోబెట్టుకునేవాడు కాదు. ఆ రోజు కూర్చోబెట్టుకుని, తల నిమిరి, "కళ్ళ డాక్టరు ఏటన్నాడమ్మడూ?" అన్నాడు. నేను మంచం నులక గిల్లుతూ కూర్చున్నాను. ఆయన నవ్వాడు. జగదల్‌పూర్ వెళ్ళొచ్చినవాళ్ళెవరో గనిలో ఆయనకు అప్పటికే చెప్పేశారు. "భయం లేదు, చెప్పు. సినిమా ఎలాగుంది?"

అప్పటిదాకా ఏ విషయంలోనూ నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అందరూ నావైపే చూస్తున్నారు. అమ్మ గుమ్మంలో నాన్న కోసం మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. నేను నాన్న భుజం మీది తువ్వాలు కొస అందుకుని, మూతి తుడుచుకుని, అచ్చం ఆయన గొంతుతో, "ఏటుంది అందులో? గోల. బాగోలేదు" అన్నాను.

వాకిలంతా పగలబడి నవ్వింది. నాన్న కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ గ్లాసు గడప మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు స్టేషన్లో చెప్పి పత్రిక మాన్పించాడు, అంతే. నా కళ్ళ మాటెత్తితే, "సినిమా కనబడింది కదా, బోర్డెందుకు కనబడదు?" అనేవాడు. రెండేళ్ళకు బడిలో మాస్టారు కబురు పెడితే గానీ నాకు కళ్ళద్దాలు రాలేదు. అమ్మ పాడడం మానేసింది. మానేస్తున్నానని చెప్పలేదు. తెల్లవారుజామున నీళ్ళ చప్పుడూ కుంపటి ఊదే చప్పుడూ మాత్రమే మిగిలాయి. పై వేసవికి నాన్న ఒక దేవుడి సినిమా బాగుందని వచ్చి చెబితే, "మీరు చూశారు కదా, చాలు" అంది. తర్వాత టీవీ వచ్చింది. సినిమా మొదలయితే ఆమె పెరట్లోకి వెళ్ళిపోయేది. బతిమాలీ, కోప్పడీ, చివరికి మేమే వదిలేశాం.

నాన్న పోయి ఇరవై ఏళ్ళవుతోంది. చివరి రోజుల్లో జగదల్‌పూర్ ఆసుపత్రిలో నేనే దగ్గరున్నాను. గనిదుమ్ము తిన్న ఊపిరితిత్తులు, నాలుగు మాటలకోసారి ఆగి ఆయాసపడేవాడు. ఒక మధ్యాహ్నం, నేను బత్తాయి వలుస్తుంటే, ఏ సందర్భమూ లేకుండా అన్నాడు. "ఆ పాట ఉందమ్మడూ. క్లబ్బులో వేసినారు. మొదట్లో రాగం తీస్తది. మీ అమ్మ పాడినట్టే ఉంది. అచ్చం మీ అమ్మే."

"మరి లేదని ఎందుకు చెప్పావు నాన్నా?"

చాలాసేపు ఆయాసపడ్డాడు. "అది వింటే, నాతో ఈ ఎర్రమట్టిలో ఎందుకుంటది అనిపించింది. భయమేసింది." తర్వాత, "మీ అమ్మకి చెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. ఆయన అడిగాడని కాదు. ఆ కథ మొదలుపెడితే వాకిట్లో నేను నవ్విన చోటికి కూడా వెళ్ళాలి. అందుకని.

మొన్న శ్రావణి సినిమాల పేర్లు చదువుతుండగానే ఆమె ఫోన్ మోగింది. పెళ్ళి కుదిరిన అబ్బాయి, రాయపూర్‌లో ఉంటాడు. స్పీకర్లోనే మాట్లాడింది. ఆ శుక్రవారం విడుదలైన సినిమా గురించి అతను, "నేను చూసేశాను, బేకార్ హై. నువ్వు చూడకు, నేను బాగున్నవి చెప్తా కదా" అన్నాడు. శ్రావణి నవ్వి, "సరే జీ" అని ఆ పేరు తీసేసింది. సీటు తానే ఎంచుకోగలదు, డబ్బు తనది, బండి తనది, హాలు పది నిమిషాల దూరం. రైల్లో వచ్చే పెట్టె కోసం ఏడాది ఎదురుచూడనక్కర్లేదు. నేను అమ్మ వైపు చూశాను. చింతపండు మీద ఆమె చేతులు ఆగి ఉన్నాయి.

శ్రావణి వెళ్ళాక, ఇంక దాచలేక, నాన్న ఆసుపత్రిలో అన్న మాటలు అమ్మకు చెప్పేశాను. ఆ పాట ఇప్పుడు ఫోన్లో దొరుకుతుందని, నేను విన్నానని, కావాలంటే ఇప్పుడే వినిపిస్తానని కూడా చెప్పాను.

"వద్దు" అంది. "విన్నాను."

"ఎప్పుడు?"

"నువ్వు కాలేజీకి వెళ్ళేటప్పుడు. ఒక మధ్యాహ్నం రేడియోలో వచ్చింది. మొదటి రాగానికే తెలిసిపోయింది. అది నాకంటే బాగా పాడింది. మర్నాడే రాశాను, తప్పయిపోయిందని. ఆ చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చేసింది."

"నాన్నను అడగలేదా?"

"అడిగితే ఏటి చెబుతారు? ఆయన సంగతి నాకు తెలుసు. ఆయన అన్నమాట నన్ను అంత బాధపెట్టలేదే." నా ముఖంలోకి చూసింది. "నీదే. నా పక్కన కూర్చుని, నా చేతిలో చెయ్యి ఉంచి చూసొచ్చినావు. వాళ్ళందరి ముందూ ఆయన గొంతుతో మాట్లాడినావు. పదేళ్ళ పిల్ల, దానికేం తెలుసు అని చెప్పుకుంటూనే ఉన్నాను. రోజూ చెప్పుకున్నాను."

నాకు అరవై రెండేళ్ళు. రిటైరై, మనవల్ని ఎత్తుకున్నదాన్ని. ఆమె పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాను. "ఇప్పటికైనా పోయిందా అమ్మా, నా మీద కోపం?" అని అడిగాను.

ఆమె ఆలోచించింది. జాలిపడి, పోయిందని చెబుతుందేమోనని ఆమె పెదవులవైపే చూస్తూ కూర్చున్నాను.

"లేదమ్మా" అంది.